దొరసాని కుడితి

దొరసానికి గోరువెచ్చని నీళ్ళయితేనే మూతి ఆనుతుంది. చల్లగా ఉంటే ఒకసారి వాసన చూసి, తల పక్కకి తిప్పుకుని, "ఎవరమ్మా ఇక్కడ పనిచేసేది" అన్నట్టు ఇంటివైపు చూస్తూ నిలబడుతుంది. గేదెకి ఆ పేరు పెట్టింది నాన్న. ఇంట్లో ఎవరికీ లేని పట్టింపులన్నీ దానికి ఉన్నాయని అలా పిలిచాడు.

అందుకే ఇంట్లో చిన్నదైన పిచ్చుక ముందు బకెట్లో వేలు ముంచి చూసింది. తౌడు వేసింది. పొడి ప్యాకెట్ మూల పంటితో కొరికి చింపి సగం ఒంపి, మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపింది. పొడి ఊరికే కలవదు. వేయించిన గింజలు, పప్పులు మరపట్టి తీపి కలిపిన పొడి అది. నీళ్ళు తగలగానే గడ్డలు కడుతుంది. ఒక్కొక్క గడ్డనీ వేళ్ళ మధ్య చిదపాలి. లేకపోతే దొరసాని తౌడునీళ్ళు తాగేసి గడ్డల్ని అడుగున వదిలేస్తుంది.

ప్యాకెట్ మీద కడుపుతో ఉన్న ఒకావిడ బొమ్మ ఉంది. నిండు బుగ్గలతో నవ్వుతూ చేతిలో గిన్నె పట్టుకుని ఉంది. సర్కారు నర్సమ్మ నెలనెలా వదిన కోసం ఇచ్చి వెళ్ళే పొడి అది. మొదటిసారి ప్యాకెట్లు వచ్చిన రోజు అమ్మ చిటికెడు నోట్లో వేసుకుని, "బలమైన తిండే" అంది. అని, ప్యాకెట్లు తీసుకెళ్ళి పాకలో చూరుకింద పెట్టింది. అప్పుడే ఈనిన దొరసానికి అవి బాగా పనికొచ్చాయి.

"కలిపావా?" అమ్మ పాలగిన్నెతో వచ్చి కూర్చుంది. దూడని వదిలి, దొరసాని పాలు చేపగానే మళ్ళీ లాగి కట్టేసింది. దూడ అరిచింది. "ఉండవే, నీకూ ఉంచుతాలే" అంటూ అమ్మ పొదుగు కింద గిన్నె పెట్టింది. ఖాళీ గిన్నెలో ముందు సన్నగా చుయ్యిచుయ్యిమని మోగి, నురగ పెరిగేకొద్దీ చప్పుడు మెత్తబడింది. దొరసాని కళ్ళు సగం మూసుకుని తొట్టి నాకుతోంది.

వదిన పేడ ఎత్తి, తట్ట నడుముకి ఆనించుకుని నిలబడింది. పొట్ట అడ్డం కాబట్టి తట్ట పక్కకి పెట్టుకోవాలి. చేతులు మాత్రం చీపురుపుల్లల్లా ఉంటాయి. పాలు క్యానులోకి ఒంపాక, ఖాళీ గిన్నె వదినకి ఇస్తారు కడగమని. వదిన అందులో కాసిని నీళ్ళు పోసి, గుండ్రంగా తిప్పి, ఆ తెల్లనీళ్ళు తాగేసి, అప్పుడు కడుగుతుంది. రోజూ అంతే. పారబొయ్యడం ఎందుకని.

పాలకేంద్రం దగ్గర క్యాన్లు వరసలో ఉన్నాయి. మెషిన్ ముందు కూర్చునే మనిషిని అందరూ ఫ్యాట్ బాబాయి అంటారు. పాలల్లో వెన్న ఎంతుందో చూసి చెప్పేది ఆయనే. మనిషి మాత్రం ఎండుకట్టె.

"ఒంట్లో లేనిది పేరులో ఉంది పాపం" అంటారు ఆడవాళ్ళు.

పిచ్చుక వంతు వచ్చింది. ఆయన గరిటెతో క్యాను కలిపి, చిన్న గ్లాసులో పాలు తీసి, మెషిన్ గొట్టానికి పెట్టాడు. అంకె వచ్చింది. కనుబొమలు పైకి లేచాయి.

"మీ దొరసాని ఈ వరసలో వాళ్ళందరి కళ్ళల్లో కారం కొడుతోందే! ఏం పెడుతున్నారే దానికి?"

పిచ్చుక తన కాళ్ళవైపు చూసుకుంది. చెవులు వేడెక్కాయి.

"దాని నోట్లోంచి మాట రావాలంటే మీ మెషిన్ పెట్టి తియ్యాలి బాబాయ్" అంది వెనకాల ఒకావిడ. అందరూ నవ్వారు. పిచ్చుకకి సిగ్గుగానూ ఉంది, లోపల గర్వంగానూ ఉంది. దొరసాని తను కలిపిన కుడితి తాగే కదా అలా ఇస్తోంది. ఇంటిదాకా ఖాళీ క్యాను ఊపుకుంటూ వచ్చింది.

అన్నాల దగ్గర నాన్న, అన్నయ్య తిని లేచాక ఆడవాళ్ళు ముగ్గురూ కూర్చున్నారు. పిచ్చుకకి ఆ పేరు వచ్చింది ఇక్కడే. గింజలు ఏరుకున్నట్టు తింటుందని. తొందరగా తినేస్తే మళ్ళీ అడగాల్సి వస్తుంది, అడగడం ఆమెకి రాదు. అమ్మ వదిన కంచంలో వడ్డించింది. గరిటె నిండుగానే వచ్చి, కంచం మీద కాస్త వంగి ఆగింది. అందులో సగం మళ్ళీ గిన్నెలోకి జారిపోయింది.

"చాలమ్మా. నీ మంచికే చెప్తున్నా. ఇప్పుడు ఎక్కువ తింటే బిడ్డ బలిసిపోతుంది. రేపు బయటికి రావద్దూ?"

"చాలు అత్తయ్యా" అంది వదిన.

అమ్మ తన కంచంలోకి గిన్నె అడుగంటినది గీక్కుంది. అమ్మ ఎప్పుడూ అదే తింటుంది.

మర్నాడు నర్సమ్మ వచ్చింది. సంచిలోంచి కాటా తీసి, గడప ముందు బండ మీద సమంగా ఉందో లేదో చూసి పెట్టింది. వదిన చెప్పులు విడిచి ఎక్కింది. నర్సమ్మ వంగి సూది చూసింది. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ చూసింది.

"ఒకసారి దిగి ఎక్కమ్మా."

వదిన దిగి ఎక్కింది.

"పోయిన నెల ఎక్కడుందో అక్కడే ఉంది సూది. లోపల ఇంకో ప్రాణం పెరుగుతుంటే ఇదేంటి? పొడి తింటున్నావా?"

"తింటుందండీ, రెండు పూటలా" అంది అమ్మ, గుమ్మానికి చెయ్యి ఆనించి. "మా ఇంట్లో అందరం సన్నమే. ఎంత తిన్నా ఒంటికి పట్టదు."

"నేను అమ్మాయిని అడిగాను."

వదిన అత్తగారి పాదాలవైపు చూసింది. "తింటున్నానమ్మా."

నర్సమ్మ చుట్టూ చూసింది. ఆమె చూపు పిచ్చుక మీద ఆగింది. "నువ్వు చెప్పు. పిల్లలు అబద్ధం చెప్పరు. మీ వదిన పొడి తింటోందా?"

అమ్మ చూస్తోంది. వదిన కూడా చూస్తోంది, వద్దు అన్నట్టు. పిచ్చుక తల ఊపేసింది, అవునని. ఊపాక మెడ నొప్పి పుట్టినట్టు అనిపించింది.

నర్సమ్మ నిట్టూర్చి కొత్త ప్యాకెట్లు తీసి వదిన చేతుల్లోనే పెట్టింది. "ఇవి నీకు. నీకొక్కదానికే. కడుపులో ఉన్నది నువ్వు తింటేనే తింటుంది. విన్నావా?"

పాకలోంచి దొరసాని అరిచింది. నర్సమ్మ అటు చూసి, "గేదె మాత్రం అద్దంలా నిగనిగలాడుతోంది" అంది.

"మా దొరసానికి దిష్టి పెట్టకండి తల్లీ" అని అమ్మ నవ్వింది. నర్సమ్మ వీధి మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉండి, తర్వాత వదిన చేతుల్లోంచి ప్యాకెట్లు తీసుకుని పాకలోకి నడిచింది.

పిచ్చుక బడికి వెళ్ళింది గానీ ఏమీ వినలేదు. సాయంత్రం సంచి గోడకి తగిలించి, కుడితి కలపాలని పాకలోకి వెళ్ళింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

వదిన తొట్టి పక్కన గొంతుక్కూర్చుని ఉంది. పొద్దుటి కుడితి అడుగు ఇంకా ఉంది. దొరసాని తాగేసి వదిలిన తేటనీళ్ళలో వదిన చెయ్యి పెట్టి, అడుగున తడుముతోంది. ఒక గడ్డ దొరికింది. పైన అంటిన తౌడు బొటనవేలితో తుడిచి నోట్లో వేసుకుంది. నమల్లేదు, చప్పరించింది. మళ్ళీ చెయ్యి పెట్టింది. దొరసాని పక్కనే నిలబడి, తన తొట్టిలో ఈ చెయ్యేమిటా అన్నట్టు చూస్తోంది.

పిచ్చుక కాలికింద గడ్డిపరక చిటుక్కుమంది.

వదిన ఉలిక్కిపడి లేవబోయింది. పొట్ట బరువుకి లేవలేక తొట్టి అంచు పట్టుకుంది. పెదవి చివర పొడి తడిగా అంటుకుని ఉంది.

"గడ్డలు... గడ్డలు కడుతున్నాయి" అంది. "చిదుపుతున్నా."

పిచ్చుక తల ఊపింది. "అవును వదినా. నేనే సరిగ్గా చిదపలేదు పొద్దున."

వదిన చెయ్యి దొరసాని వీపుకి తుడుచుకుంది, చీర మురికవుతుందని. తర్వాత గడ్డి వెయ్యడానికి వెళ్ళిపోయింది. పిచ్చుక తొట్టిలోకి వంగి చూసింది. అడుగు శుభ్రంగా ఉంది. ఇన్నాళ్ళూ దొరసానే అంత శుభ్రంగా నాకుతోందనుకుంది.

మర్నాడు పొద్దున అమ్మ పొయ్యి దగ్గర ఉండగా పిచ్చుక గోరువెచ్చని నీళ్ళు ఒక గ్లాసులోకి వేరుగా తీసి పెట్టింది. బకెట్లో తౌడు ఒక్కటే వేసింది. పొడి చిన్న గిన్నెలో పోసి, నీళ్ళు చిలకరించి ముద్ద చేసింది. పేడ ఎత్తడానికి వచ్చిన వదిన ముందు పెట్టింది.

"ఏంటిది?"

"తిను."

"మీ అమ్మ చూస్తే?"

"పొయ్యి దగ్గరుంది."

"దొరసానికి?"

"దొరసాని చెప్పదులే."

అంత పెద్ద మాట పిచ్చుక నోటినుంచి వచ్చినందుకు వదినకి నవ్వొచ్చింది. నవ్వుతూనే గోడవైపు తిరిగి తినడం మొదలుపెట్టింది. మొదటి రెండు ముద్దలు మింగిన చప్పుడు వినిపించింది. కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి. తర్వాత నెమ్మదించింది. ఆఖరి ముద్ద పిచ్చుకవైపు చాపింది. పిచ్చుక తల అడ్డంగా ఊపితే బలవంతంగా నోట్లో పెట్టింది. తియ్యగా, వేయించిన వాసనతో ఉంది. రోజూ మోచేతిదాకా పూసుకుంటున్నా, పిచ్చుకకి దాని రుచి తెలియడం అదే మొదటిసారి.

అలా కొన్నాళ్ళు గడిచాయి. పాకలో ఆ కాస్తసేపే వదిన మాట్లాడేది. ఒకరోజు తినడం ఆపి, పిచ్చుక చెయ్యి లాగి తన పొట్ట మీద పెట్టుకుంది.

"చూడు. తన్నిందా?"

అరచేతి కింద ఏదో చేపపిల్ల తోక కొట్టినట్టు కదిలింది. పిచ్చుక చెయ్యి వెనక్కి లాక్కుని, మళ్ళీ పెట్టింది.

"ఇదివరకు ఎప్పుడూ పడుకునే ఉండేది" అంది వదిన. "నేను తిన్నాకే లేస్తోంది. ఇప్పుడైతే నువ్వు గిన్నె చప్పుడు చేసినా లేస్తోంది."

"అయితే ఇదీ దొరసానే."

"చిన్న దొరసాని" అంది వదిన. ఆ మాట ఇంకోసారి నోట్లోనే అనుకుంది.

కానీ పాలు ఊరుకోలేదు. అంకె కొంచెం కొంచెంగా దిగుతోంది. ఫ్యాట్ బాబాయి మొదటిరోజు మెషిన్ని తట్టి చూశాడు. తర్వాతి రోజు పిచ్చుక ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత ఒక పొద్దున గరిటె పైకెత్తి, పాలధార వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, వరస అంతా వినేలా అన్నాడు.

"ఏంటే పిచ్చుకా? మీ దొరసాని బావిలో పడిందా?"

అందరూ నవ్వారు. "పడింది దొరసాని కాదు బాబాయ్, చెంబు" అంది ఒకావిడ. ఇంకా నవ్వారు. పాలల్లో నీళ్ళు కలిపిన ఇల్లంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. పిచ్చుక క్యాను తీసుకుని పరిగెత్తింది. ఆమెకంటే ముందే ఆ మాట ఇంటికి చేరింది.

నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అన్నయ్య సైకిల్ గోడకి కొట్టినట్టు ఆనించాడు.

"ఎవరు కలిపారు నీళ్ళు?" అని అడిగాడు. అడిగింది అందర్నీ. చూసింది వదినని. "గిన్నె కడిగేది నువ్వు. గిన్నెలో పాలు తాగేసి నీళ్ళు పోస్తున్నావా?"

వదిన గుమ్మం పక్కన గోడకి అతుక్కుంది. అడ్డంగా తల ఊపింది. ఒక చెయ్యి పొట్ట మీద ఉంది.

"అడుగుతున్నాడు కదా, చెప్పు" అంది అమ్మ. "కడుపుతో ఉన్నవాళ్ళకి యావ పుడుతుంది, తెలుసు. తాగితే తాగావని చెప్పు. ఊళ్ళో తల ఎత్తుకోవాలా వద్దా?"

వదిన నోరు విప్పింది. ఆ నేరం ఒప్పేసుకోబోతోందని పిచ్చుకకి అర్థమైంది. పొడి సంగతి బయటపడేకంటే పాలు దొంగిలించాననడమే నయమనుకుంటోంది.

"నీళ్ళు కలపలేదు" అంది పిచ్చుక.

అందరూ ఇటు తిరిగారు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నీళ్ళు కలపలేదు నాన్నా. పొడి కలపలేదు. కుడితిలో పొడి వెయ్యట్లేదు నేను. వదినకి పెడుతున్నా. అది వదిన పొడే కదా. నర్సమ్మ వదిన చేతుల్లోనే పెట్టింది."

దూడ తాడు గుంజుతున్న చప్పుడు వినిపించింది.

నాన్న కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. చిన్నపిల్లకి లెక్క నేర్పుతున్నట్టు నెమ్మదిగా అన్నాడు. "దొరసాని తింటే ఇంటిల్లిపాదీ తిన్నట్టమ్మా. దాని పాలతోనే కదా పొయ్యి వెలుగుతోంది. మీ వదిన తింటే ఆవిడొక్కతే తిన్నట్టు. ఆ మాత్రం తెలీదా?"

ఆవిడొక్కతే కాదు, లోపల ఇంకొకరున్నారు అనాలనుకుంది పిచ్చుక. ఉన్న మాటలన్నీ అప్పుడే అయిపోయాయి. అన్నయ్యవైపు చూసింది. అన్నయ్య సైకిల్ చక్రాన్ని కాలితో తోస్తూ నిలబడ్డాడు. చక్రం ఊరికే తిరుగుతోంది.

"ఇక తినను మామయ్యా" అంది వదిన. "తప్పయింది."

అమ్మ పాకలోకి వెళ్ళి, ప్యాకెట్లన్నీ చేత్తో ఎత్తుకొచ్చి అటక మీద పెట్టింది. ఆ సాయంత్రం కుడితి తనే కలిపింది. పిచ్చుక పక్కన నిలబడితే, తల ఎత్తకుండానే అంది.

"నాకేమన్నా పగా దాని మీద? నా చెల్లెలు నీలాగే మొండి. కడుపుతో ఉండి పుట్టింటి తిండి కమ్మగా తింది. బిడ్డ ఇంత లావు. మూడు పగళ్ళు అరిచింది. నా చెయ్యి పట్టుకునే పోయింది. ఆ గోళ్ళ గాట్లు నాకు ఎన్నాళ్ళో ఉన్నాయి." అమ్మ కుడితిలోంచి చెయ్యి తీసి మణికట్టు చూసుకుంది. అక్కడేమీ లేదు, తౌడు తప్ప. "చిన్న బిడ్డయితే సుఖంగా కంటుంది. నా ఇంట్లో ఇంకొకరు అలా పోకూడదు. అంతే."

మళ్ళీ చెయ్యి పెట్టి ఒక్కొక్క గడ్డనీ చిదిపింది. అమ్మ కలిపితే ఒక్క గడ్డ కూడా మిగలదు.

పొద్దునపూట వదిన పేడ ఎత్తడానికి వచ్చినప్పుడు పిచ్చుకవైపు చూసేది కాదు. ఒక్కసారి మాత్రం పక్కనుంచి వెళ్తూ, "మళ్ళీ పడుకుంది" అంది. ఎవరని పిచ్చుక అడగలేదు. తన కంచంలోది సగం దాచి, గుప్పిట్లో పెట్టి పాకలోకి తెచ్చింది. వదిన తీసుకోలేదు. "నువ్వూ పెరగాలి కదే" అని ఆ గుప్పిట మూసింది.

ఇంకా నెలలు నిండనే లేదు. ఒక ఉదయం వదిన గడ్డిమోపు నెత్తిమీద పెట్టుకుని వచ్చి, పాక గుమ్మంలో నిలబడిపోయింది. మోపు దించలేదు. "అత్తయ్యా" అంది, చిన్నగా, ఏదో పగలగొట్టినదానిలా. కాళ్ళకింద మట్టి తడిసి నల్లబడింది. అమ్మ పితుకుతున్న గిన్నె వదిలేసి లేచింది. దొరసాని కాలు తగిలి పాలు ఒలికాయి. ఎవరూ చూడలేదు. పిచ్చుక నర్సమ్మ కోసం పరిగెత్తింది. దారిలో ఎదురైన వాళ్ళందరికీ గట్టిగా అరిచి మరీ చెప్పింది. సిగ్గుపడాలన్న సంగతే గుర్తురాలేదు.

బండి వచ్చి అమ్మనీ వదిననీ అన్నయ్యనీ ఆస్పత్రికి తీసుకెళ్ళింది. మర్నాడు సాయంత్రం అదే బండి తిరిగొచ్చింది. అన్నయ్య ముందు దిగాడు. అతని చేతుల్లో ఏమీ లేదు. పిచ్చుక అతని చేతులవైపే చూస్తోందని అతనికి తెలిసి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఆడపిల్ల" అన్నాడు. "గుప్పెడంత ఉంది. ఊపిరి పీల్చే బలం లేదన్నారు." పాక వెనక్కి వెళ్ళిపోయాడు.

వదిన తనంతట తనే నడిచి లోపలికొచ్చింది. పొట్ట లేకపోయేసరికి ఆమెలో ఇంకేమీ మిగల్లేదనిపించింది. ఏడవలేదు. చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది.

అమ్మ గడప మీద కూలబడింది. నాన్న దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఏమడగాలో తెలియక, "బాగా కష్టమైందా?" అన్నాడు.

"లేదు" అంది అమ్మ. "సుఖంగానే కంది. అరవను కూడా అరవలేదు." ఎవరినో అడుగుతున్నట్టు మళ్ళీ అంది. "సుఖంగానే కంది."

తర్వాతి రోజు వదిన రవిక తడిసింది. అమ్మ చూసింది. తిండి లేని ఆ ఒంట్లోకి పాలు ఎక్కడినుంచి వచ్చాయో, వచ్చాయి. తాగేవాళ్ళు లేక గట్టిపడి నొప్పి పెడుతున్నాయి. అమ్మ పాతచీర చింపి, వదిన వీపు చుట్టూ తిప్పి, గుండెలు అదిమి కట్టసాగింది. పిచ్చుక గుడ్డ చివర పట్టుకుంది. పాకలోంచి దొరసాని దూడ కోసం పిలుస్తోంది. ఆ అరుపు వినగానే అమ్మ కడుతున్న గుడ్డ ఇంకాస్త తడిసింది. అమ్మ వేళ్ళు ఆగిపోయాయి. ముడి వెయ్యడానికి రాలేదు. రెండుసార్లు జారింది. చివరికి పిచ్చుకే వేసింది.

"నా చేత్తోనే" అంది అమ్మ. ఆ తర్వాతి మాట చెప్పలేదు. తన అరచేయి తిప్పి చూసుకుంది, గరిటె పట్టుకునే చెయ్యి.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే దొరసానిని పితికారు. అంత గొడవలోనూ దానికి ఏ పూటా కుడితి తప్పలేదు. గిన్నె నిండింది. క్యాను తీసుకుని పిచ్చుక పాలకేంద్రానికి వెళ్ళింది. వరసలో వాళ్ళు పక్కకి జరిగి దారి ఇచ్చారు. ఎవరూ జోకులు వెయ్యలేదు. ఫ్యాట్ బాబాయి గరిటెతో కలిపి, గ్లాసు మెషిన్‌కి పెట్టాడు.

అంకె చూసి, ఏదైనా మంచిమాట చెప్పాలనుకున్నాడు పాపం. "ఇంత ఫ్యాట్ ఈ ఏడాదిలో ఎవరికీ రాలేదమ్మా" అన్నాడు మెల్లగా. "మళ్ళీ దొరసాని దొరసానైంది."

క్యాను కోసం చెయ్యి చాపాడు. పిచ్చుక పిడి వదల్లేదు. ఆయన కాస్త లాగాడు. ఆమె ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"ఇవ్వను" అంది.

"ఏంటే?"

"మా వదినకి కావాలి."

నిండు క్యాను రెండు చేతులా పట్టుకుని వెనక్కి తిరిగింది. వరసలో ఉన్నవాళ్ళు చూస్తున్నారు. క్యాను మోకాలికి కొట్టుకుంటోంది. ఎప్పుడూ ఖాళీగా తిరిగొచ్చే దారిలో నిండుగా నడవడం ఎంత కష్టమో అంతవరకూ ఆమెకి తెలీదు. మధ్యలో ఎక్కడా దించలేదు.

అరుగు మీద నాన్న క్యాను చూశాడు. "ఏమైంది? తిప్పి పంపించారా?"

పిచ్చుక క్యాను కింద పెట్టలేదు. లోపలినుంచి అమ్మ వచ్చింది. క్యాను చూసింది, కూతురి ముఖం చూసింది. నర్సమ్మతో మాట్లాడిన రోజులాగే గుమ్మానికి చెయ్యి ఆనించింది.

"మెషిన్ చెడిపోయిందట" అంది అమ్మ. "ఇవాళ ఎవరి పాలూ పోసుకోవట్లేదట."

క్యాను అందుకుని లోపలికి నడిచింది.

పొయ్యి మీద పాలు పొంగు వచ్చేదాకా అమ్మ, పిచ్చుక అక్కడే నిలబడ్డారు. అమ్మ పెద్ద గ్లాసు తీసింది, నాన్న తాగే గ్లాసు. నిండుగా పోసింది. చెయ్యి వంగలేదు, మధ్యలో ఆగలేదు. తనే పట్టుకెళ్ళి చాప పక్కన కూర్చుంది.

"లేమ్మా. తాగు."

వదిన లేచి గోడకి ఆనుకుంది. గ్లాసు చూసి, గుమ్మంవైపు చూసింది. "మామయ్య తాగారా?"

"తాగారు."

"ఆయన?"

"అందరూ తాగారు. నువ్వు తాగు."

వదిన రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఒక గుక్క తాగింది. ఆగింది. పిచ్చుకవైపు చూసింది.

"పొడి వాసనొస్తోంది" అంది.

అమ్మకి అర్థం కాలేదు. పిచ్చుకకి అయింది. వదిన కళ్ళు మూసుకుని, గ్లాసు దించకుండా అంతా తాగింది. తర్వాత అలవాటుగా, పక్కనున్న చెంబు అందుకుని గ్లాసులో కాసిని నీళ్ళు పోసింది. గుండ్రంగా తిప్పింది. ఆ తెల్లనీళ్ళు పెదాల దాకా తీసుకెళ్ళింది.

అమ్మ చెయ్యి చాపి ఆ గ్లాసు పట్టుకుంది.

"కడగొద్దమ్మా" అంది. "ఇంకా ఉన్నాయి."

ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటిసారి, ఆ మాటకి, వదిన ఏడ్చింది.